మానసిక వైద్యశాల నుంచి విడుదల: చట్టం చెప్పేది, ఉత్తరాంధ్రలో అది ఆగే చోటు

వ్యాససంగ్రహం

ఇష్టానికి వ్యతిరేకంగానో, స్వయంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలోనో మానసిక వైద్యశాలలో చేరిన వ్యక్తి ఎప్పుడు, ఎవరి ఆజ్ఞతో, ఏ షరతులపై బయటకు రావచ్చు అన్న ప్రశ్నకు 1912, 1987, 2017 నాటి చట్టాలు మూడు వేర్వేరు సమాధానాలు చెప్పాయి. బంధువుల పూచీకత్తుపై ఆధారపడిన విడుదల కాలక్రమంలో రోగి హక్కుగా మారిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. 2017 చట్టంలోని గడువులను, సమీక్షా బోర్డు పాత్రను వివరించి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల భాషా పరిస్థితి, వలస, దూరం ఆ హక్కును ఎక్కడ అడ్డగిస్తున్నాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, విడుదల, సమీక్షా బోర్డు, నామనిర్దేశిత ప్రతినిధి, ఉత్తరాంధ్ర, సవర భాష.

1. ప్రస్తావన

ఆసుపత్రి నుంచి రోగిని ఇంటికి పంపడాన్ని తెలుగువారు సాధారణంగా ‘డిశ్చార్జి’ అనే అంటారు. ‘విడుదల’ అనే మాట జైలుకు, చెరకు, నిర్బంధానికి సంబంధించినది. జ్వరం తగ్గిన రోగి ‘విడుదలయ్యాడు’ అని ఎవరూ అనరు. మానసిక వైద్యశాల విషయంలో మాత్రం ఈ రెండు మాటలూ ఒకే సందర్భంలో వినిపిస్తాయి. అక్కడి నుంచి బయటకు రావడం వైద్యుని నిర్ణయం మాత్రమే కాదు. ఒక మనిషి స్వేచ్ఛకు సంబంధించిన చట్టపరమైన ఘట్టం కూడా. అందుకే ఈ వ్యాసంలో ‘విడుదల’ అనే పదాన్నే వాడడం జరిగింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలకు ‘పిచ్చాసుపత్రి’ అంటే విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. మద్రాసు ప్రెసిడెన్సీలో బ్రిటిషు ప్రభుత్వం నడిపిన మూడు ఉన్మాద శరణాలయాలలో మద్రాసు, కాలికట్‌లతో పాటు విశాఖపట్నం ఒకటి. 1912 చట్టం వచ్చేనాటికి విజయనగరం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో ప్రత్యేక జిల్లాలయ్యాయి. జిల్లాల సరిహద్దులు ఎన్నిసార్లు మారినా, మానసిక వ్యాధి ముదిరిన మనిషిని తీసుకువెళ్లే దారి మాత్రం దక్షిణంగా విశాఖకే సాగింది. ఇచ్ఛాపురం నుంచి ఆ ప్రయాణం రెండు వందల కిలోమీటర్లకు పైబడినది. తీసుకువెళ్లే దారి గురించి కుటుంబాలకు తెలిసినంతగా, తిరిగి తెచ్చుకునే దారి గురించి చట్టం ఏం చెబుతుందో తెలియదు. చేర్పించడానికి ఎవరెవరు సంతకం చేయాలన్నది అందరూ అడుగుతారు. బయటకు రావడానికి ఎవరి సంతకం అవసరం లేదన్నది ఎవరూ అడగరు.

2. పూచీకత్తుపై విడుదల: 1912, 1987 చట్టాలు

1858 నాటి 36వ చట్టం స్థానంలో వచ్చిన 1912 భారతీయ ఉన్మాద చట్టం దృష్టిలో రోగి అంటే ‘ల్యునాటిక్’. ‘ఇడియట్’ను కూడా ఆ నిర్వచనంలోనే చేర్చింది. ఈ చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ‘రిసెప్షన్ ఆర్డర్’ ఇస్తే మనిషి శరణాలయంలోకి వెళతాడు. బయటకు రావడానికి ప్రధానంగా రెండు మార్గాలుండేవి. శరణాలయాన్ని తనిఖీ చేసేందుకు ప్రభుత్వం నియమించిన విజిటర్లలో ముగ్గురు, అందులో ఒకరు వైద్యాధికారి అయి ఉండి, రాతపూర్వకంగా ఆజ్ఞాపిస్తే విడుదల చేయవచ్చు. లేదా బంధువు గాని మిత్రుడు గాని వచ్చి, రోగిని సరిగా చూసుకుంటామని, తనకు గాని ఇతరులకు గాని హాని చేయకుండా కాపలా కాస్తామని పూచీకత్తు రాసిస్తే వారికి అప్పగించవచ్చు.

ఈ రెండో మార్గాన్ని కొంత నిదానంగా చూడాలి. జామీను ఖైదీకి ఇస్తారు. పూచీ అప్పుకు పడతారు. ఉన్మాద చట్టం ఈ రెంటి పద్ధతినీ వైద్యశాల వాకిట్లోకి తెచ్చింది. రోగికి నయమైందా లేదా అన్న ప్రశ్న వెనక్కిపోయి, అతని తరఫున హామీ ఇచ్చే మనిషి ఉన్నాడా లేడా అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. హామీ ఇచ్చేవాడు లేని మనిషికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. భర్త వదిలేసిన స్త్రీ, అన్నదమ్ములు ఆస్తి పంచుకుని మరచిపోయిన సోదరుడు, ఊరుపేరు చెప్పలేని బాటసారి ఈ చట్టం కింద జీవితకాలం లోపలే ఉండిపోవడానికి వైద్యపరమైన కారణం అక్కర్లేదు. రాసివ్వడానికి ఎవరూ రాకపోతే చాలు.

ఆ చట్టం దాదాపు ఎనభై ఏళ్లు అమల్లో ఉంది. దాని స్థానంలో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం 1987లో ఆమోదం పొందినా అమల్లోకి రావడానికి 1993 ఏప్రిల్ 1 దాకా పట్టింది. ‘ఉన్మాది’ స్థానంలో ‘మానసిక రోగి’ వచ్చాడు. స్వచ్ఛందంగా చేరినవారు కోరితే 24 గంటల్లో పంపాలన్న నియమం వచ్చింది. ఇద్దరు వైద్యుల సిఫారసుపై, వీలైనంతవరకు వారిలో ఒకరు మానసిక వైద్యుడై ఉండగా, వైద్యాధికారి విడుదల చేయవచ్చునని 40వ సెక్షన్ చెప్పింది. చేర్పించమని దరఖాస్తు పెట్టినవారే విడుదల కోరే అవకాశాన్ని 41వ సెక్షన్, రోగి తనకు నయమైందని మేజిస్ట్రేటుకు స్వయంగా దరఖాస్తు చేసుకునే అవకాశాన్ని 43వ సెక్షన్ కల్పించాయి. ఇవన్నీ మెరుగుదలలే. అయితే 42వ సెక్షన్‌లో బంధుమిత్రుల పూచీకత్తు చెక్కుచెదరకుండా నిలిచింది. పాత ఇంటికి సున్నం వేసినట్టు 1987 చట్టం పదాలను శుభ్రపరచింది గాని, ‘ఇతణ్ని ఎందుకు వదలాలి?’ అన్న మూలప్రశ్నను మార్చలేదు.

3. ప్రశ్న తిరగబడిన చట్టం: 2017

2017 ఏప్రిల్ 7న రాష్ట్రపతి ఆమోదం పొంది, 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ ప్రశ్నను తలకిందులు చేసింది. ‘ఇతణ్ని ఇంకా ఎందుకు ఉంచాలి?’ అని అడగడం దీని పద్ధతి. సమాధానం చెప్పాల్సిన బాధ్యత రోగిది కాదు, బంధువుది కాదు, వైద్యశాలది. ఆ సమాధానం నిర్ణీత గడువుల్లో, నిర్ణీత ప్రమాణాలతో, బయటివారి పరిశీలనకు నిలిచేలా ఉండాలి. పూచీకత్తు సెక్షన్ ఈ చట్టంలో లేదు. (నేర విచారణకు సంబంధించిన పరిస్థితి వేరు. మతిస్థిమితం లేని నిందితుణ్ని హామీ తీసుకుని బంధువుకు అప్పగించే పద్ధతి 2023 నాటి భారతీయ నాగరిక సురక్ష సంహితలోనూ కొనసాగుతోంది. ఆ విషయం ఈ వ్యాస పరిధిలోనిది కాదు.)

చట్టం మొదట స్వతంత్ర ప్రవేశాన్ని సాధారణ నియమంగా భావిస్తుంది. తానుగా చేరిన వయోజనుడు వెళ్లిపోతానని కోరిన వెంటనే పంపాలని 88వ సెక్షన్ చెబుతుంది. ఎవరి అనుమతీ, ఎవరి తోడూ షరతు కాదు. తనకో ఇతరులకో హాని కలిగే ప్రమాదం వంటి పరిస్థితి కనిపిస్తే, పరీక్షించడం కోసం గరిష్ఠంగా 24 గంటలు ఆపవచ్చు. ఆ లోపల 89వ సెక్షన్ కింద చేర్చుకోవాలి, లేదా పంపాలి. మూడో దారి లేదు. ‘నానింటికెల్లిపోతాను’ అని పలాస మనిషి తన యాసలో అన్నా అది చట్టం దృష్టిలో విడుదల కోరడమే. దాన్ని వ్యాధి లక్షణంగా కేస్‌షీట్‌లో రాసి ఊరుకోవడానికి వీల్లేదు.

వ్యక్తి ఇష్టంతో సంబంధం లేకుండా జరిగే ప్రవేశం 89వ సెక్షన్ కిందకి వస్తుంది. చట్టం దీన్ని ‘మద్దతుతో కూడిన ప్రవేశం’ అంటుంది. పేరు మృదువుగా ఉన్నా జరిగేది నిర్బంధమే. నామనిర్దేశిత ప్రతినిధి దరఖాస్తు చేయాలి. ఒక మానసిక వైద్యుడు, మరొక మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా వైద్యుడు విడివిడిగా, చేరిన రోజున గాని అంతకు ముందు ఏడు రోజుల్లో గాని పరీక్షించి ఉండాలి. వ్యక్తి ఇటీవల తనకు తాను హాని తలపెట్టడమో, ఇతరులపై హింసకు దిగి భయం కలిగించడమో, ప్రమాదం కలిగేంతగా తన్ను తాను చూసుకోలేకపోవడమో కనిపించాలి. వ్యాధి ఉండడం ఒక్కటే చాలదు.

గడువులు ఎలా నడుస్తాయో చూడడానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకోవచ్చు. సోంపేట మండలానికి చెందిన ఒక స్త్రీని ఆమె అన్న దరఖాస్తుపై జూన్ 1న 89వ సెక్షన్ కింద చేర్చుకున్నారనుకుందాం. స్త్రీ కనుక మూడు రోజుల్లో సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. పురుషుడైతే ఏడు రోజులు. ఆమె నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉండి అన్న ఆమె తరఫున చికిత్సకు అంగీకరించి ఉంటే, ఆ స్థితి ఇంకా ఉందా అని వైద్యాధికారి ప్రతి ఏడు రోజులకూ తిరిగి పరీక్షించాలి. జూన్ 12కే ప్రమాదకర స్థితి తొలగిపోతే ఆ సెక్షన్ కింద ఆమెను ఉంచే అధికారం ఆనాడే ముగుస్తుంది. ముప్పై రోజులన్నది గరిష్ఠ పరిమితే తప్ప, గడపవలసిన శిక్షాకాలం కాదు. ‘నెల అయ్యాక రండి’ అని అన్నకు చెప్పి పంపిన వైద్యశాల చట్టాన్ని తప్పుగా చదివినట్టే. కోలుకున్న తరువాత ఆమె ఇంకొన్నాళ్లు ఉంటానంటే స్వతంత్ర రోగిగా ఉండవచ్చు. అప్పుడామె ఏ రోజు కోరితే ఆ రోజు వెళ్లవచ్చు.

ముప్పై రోజులు దాటి ఉంచాలంటే 90వ సెక్షన్. ఇక్కడ ఇద్దరు మానసిక వైద్యులు విడివిడిగా పరీక్షించాలి. ప్రమాదం ‘ఇటీవల’ కనిపించడం చాలదు, కొంతకాలంగా నిలకడగా కనిపించాలి. సమీక్షా బోర్డు 21 రోజుల్లో అనుమతించాలి, లేదా విడుదలకు ఆదేశించాలి. తొలి అనుమతి 90 రోజులకు మించదు. తరువాత 120, ఆపైన ఒక్కోసారి 180 రోజులు. నిర్ణయ సామర్థ్యాన్ని ఈ దశలో పక్షానికొకసారి పరీక్షించాలి. గడువులు పెరుగుతూ పోవడం చట్టంలోని బలహీనతగా కనిపించవచ్చు. అయితే ప్రతి పొడిగింపుకూ బోర్డు ముందు కారణం చూపాల్సిందే. కాగితం కదలకుండా కాలం గడవడం 1912 చట్టం కింద సాధ్యం. ఇక్కడ కాగితం కదలకపోతే నిర్బంధమే చట్టవిరుద్ధమవుతుంది.

జిల్లాల్లోని ప్రభుత్వ, ప్రైవేటు వైద్య కళాశాలల ఆసుపత్రులకు కూడా ఈ నియమాలు వర్తిస్తాయన్నది తరచుగా విస్మరణకు గురయ్యే విషయం. మానసిక రోగులను చేర్చుకునే సాధారణ ఆసుపత్రి విభాగం కూడా చట్టం నిర్వచనంలో ‘మానసిక ఆరోగ్య సంస్థ’యే. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రికి గాని, నెల్లిమర్ల వైద్య కళాశాల ఆసుపత్రికి గాని చినవాల్తేరుకున్న బాధ్యతలే ఉంటాయి. మానసిక వైద్యుడు లేని చిన్న ఆసుపత్రిలో ఏ వైద్యుడైనా 94వ సెక్షన్ కింద అత్యవసర చికిత్స చేయవచ్చు గాని అది 72 గంటలకు మించరాదు.

4. బోర్డు ఉన్నచోట కోర్టెందుకు?

విడుదల హక్కుకు కాపలాదారుగా చట్టం ఏర్పరచినది మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు. జిల్లా న్యాయమూర్తి, లేదా ఆ అర్హత గల న్యాయాధికారి, లేదా విశ్రాంత జిల్లా న్యాయమూర్తి అధ్యక్షులు. కలెక్టరు ప్రతినిధి, ఒక మానసిక వైద్యుడు, ఒక వైద్యుడు సభ్యులు. వీరితో పాటు మానసిక వ్యాధి అనుభవమున్నవారు, వారిని చూసుకునేవారు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధుల నుంచి ఇద్దరు. వ్యాధిని అనుభవించిన మనిషి న్యాయాధికారి పక్కన కూర్చుని మరొకరి విడుదలపై అభిప్రాయం చెప్పడం ఈ దేశపు చట్టాల్లో కొత్త సంగతి.

రోగి, ఆయన ప్రతినిధి, లేదా ఆయన అంగీకారంతో ఒక స్వచ్ఛంద సంస్థ బోర్డుకు దరఖాస్తు చేయవచ్చు. రుసుము లేదు. అసాధారణ పరిస్థితుల్లో లోపలున్న మనిషి నోటిమాటగా, ఫోనులో చెప్పినా బోర్డు స్వీకరించవచ్చు. 89వ సెక్షన్ ప్రవేశాన్ని ప్రశ్నించే దరఖాస్తును ఏడు రోజుల్లో తేల్చాలి. బోర్డు నిర్ణయంపై ముప్పై రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు. ఉచిత న్యాయసహాయం హక్కు 27వ సెక్షన్‌లో ఉంది. ఆ హక్కున్నదని రోగికి తెలియజేయడం వైద్యాధికారి, పోలీసు, మేజిస్ట్రేటుల విధి.

ఈ వ్యవస్థను ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిన ఒక ఉదంతం పక్కన పెట్టి చూడాలి. నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తువైద్యుడిగా పనిచేస్తూ, కోవిడ్ తొలిరోజుల్లో ఎన్-95 మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడి సస్పెన్షన్‌కు గురైన డాక్టర్ సుధాకర్‌ను 2020 మే 16న విశాఖపట్నంలో పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. తరువాత ఆయన్ను ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చేర్చారు. రాష్ట్ర హైకోర్టు మే 22న ఈ వ్యవహారంపై సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. కుమారుణ్ని విడిపించమంటూ తల్లి హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. జూన్ మొదటి వారంలో హైకోర్టు ఆయన వైద్యశాల నుంచి వెళ్లడానికి మార్గం తెరిచింది. మరుసటి ఏడాది మేలో ఆయన మరణించారు.

ఈ ఉదంతంలోని రాజకీయ వాదప్రతివాదాలను పక్కనపెట్టి, విడుదల చట్టం దృష్టితో చూస్తే రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, లోపల గడిచిన కాలం మూడు వారాలు. అంటే 89వ సెక్షన్ ముప్పై రోజుల గడువు కూడా ఇంకా నిండలేదు. గరిష్ఠ గడువు ఒక్కటే ఎవరినీ కాపాడదు. గడువు లోపల ఎవరైనా వచ్చి ప్రశ్నించగలగాలి. రెండవది, విడుదల దారి రాజ్యాంగం 226వ అధికరణం గుండా, అక్రమ నిర్బంధాలకు వాడే హెబియస్ కార్పస్ గుండా సాగింది. వైద్యుడు, పత్రికలకు తెలిసిన వ్యక్తి, న్యాయవాదులు అండగా ఉన్నవాడు కనుక ఆ దారి తెరుచుకుంది. భామిని నుంచి వచ్చిన కూలీకో, మెళియాపుట్టి నుంచి వచ్చిన గిరిజన యువతికో అమరావతి హైకోర్టు అందే దూరంలో ఉండదు. ఏడు రోజుల్లో, రుసుము లేకుండా, ఫోనులో చెప్పినా వినే బోర్డు వంటిది వారికోసమే అవసరం. జిల్లా స్థాయిలో బోర్డు ఎంత చురుగ్గా పనిచేస్తుందన్నది, అందువల్ల, పరిపాలనాపరమైన వివరం కాదు. విడుదల హక్కు పేదవాడికి ఉందా లేదా అన్నది దానిమీదే ఆధారపడి ఉంది.

5. ‘అర్థమయ్యే భాష’లో

బోర్డుకు దరఖాస్తు చేయాలంటే బోర్డు ఉందని తెలియాలి. 22వ సెక్షన్ ప్రకారం రోగికీ, ప్రతినిధికీ తెలియజేయవలసిన మొదటి విషయం: ఏ సెక్షన్ కింద చేర్చుకున్నారు, ఎందుకు చేర్చుకున్నారు, ఆ నిర్ణయాన్ని సమీక్షించమని బోర్డును అడిగే హక్కు ఉంది. ఈ సమాచారం వారికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో ఉండాలని చట్టం స్పష్టంగా రాసింది. న్యాయశాస్త్ర వ్యాఖ్యానాల్లో పెద్దగా చర్చకు రాని ఈ వాక్యం భాషాధ్యయనం చేసేవారికి ఎంతో ముఖ్యమైనది.

‘నామనిర్దేశిత ప్రతినిధి’ అన్న సమాసం వ్యాకరణ దృష్ట్యా నిర్దుష్టం. నరసన్నపేట సంతలో దాన్ని వింటే ఎన్నికల వ్యవహారం అనుకుంటారు. ‘నా తరపు మనిషి’ అంటే పిల్లలకైనా తెలుస్తుంది. ‘ముందస్తు నిర్దేశం’ కన్నా ‘నాకు మతి తప్పితే ఇలా చెయ్యండి అని ముందే రాసిపెట్టుకున్న కాగితం’ అనడం పొడవే గాని సందేహానికి తావివ్వదు. ‘మద్దతుతో కూడిన ప్రవేశం’ అన్నది మరీ ప్రమాదకరం. అది నిర్బంధమన్న సంగతి ఆ మాటల్లో ఎక్కడా కనిపించదు. పారిభాషిక పదాల నిర్మాణంలో సంస్కృత సమాసాల వైపు మొగ్గడం తెలుగు పాలనాభాషకు అలవాటు. ఇక్కడ ఆ అలవాటుకు మూల్యం చెల్లించేది తలుపుకు ఇవతల ఉన్న పాఠకుడు కాదు, అవతల ఉన్న మనిషి.

తెలుగు సులభమైనా సమస్య తీరని మనుషులు ఈ ప్రాంతంలో ఉన్నారు. ఇచ్ఛాపురం, మందస పరిసరాల్లో ఒడియా ఇంటిభాషగా ఉన్న కుటుంబాలున్నాయి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ప్రాంతాలు 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరేవరకు ఈ రెండు జిల్లాలవే. అక్కడి సవరల భాష తెలుగుకు సోదర భాష కాదు, ముండా కుటుంబానికి చెందినది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. తెలుగులో వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషే కొండభాష కోసం జీవితంలో అధికభాగం వెచ్చించడం యాదృచ్ఛికం కాదు. ఎదుటివాడికి అర్థం కాని భాషలో చెప్పిన చదువు చదువు కాదన్నది రెండు కృషులకూ మూలం. చెప్పని హక్కు కూడా అటువంటిదే. సవర మాట్లాడే స్త్రీకి 22వ సెక్షన్ సమాచారాన్ని తెలుగు కరపత్రంగా ఇచ్చి సంతకం పెట్టించుకుంటే, చట్టం అడిగిన పని జరగలేదనే లెక్క.

భాష మరోచోట కూడా విడుదలను నిర్ణయిస్తుంది. ‘నిర్ణయ సామర్థ్యం’ పరీక్షించేది మాటల ద్వారానే. చెప్పిన విషయం అర్థం చేసుకోవడం, దాని పర్యవసానం గ్రహించడం, తన నిర్ణయాన్ని తెలపడం అన్నవి 4వ సెక్షన్ కొలమానాలు. ఆ నిర్ణయాన్ని మాటతోనే కాదు, సైగతోనైనా తెలపవచ్చని అదే సెక్షన్ అంటుంది. సమాచారాన్ని సరళమైన భాషలో, సైగలతో, దృశ్యసాధనాలతో ఇవ్వాలనీ అంటుంది. వైద్యుని తెలుగు అర్థం కాక మౌనంగా ఉన్న మనిషి ‘సామర్థ్యం లేనివాడు’గా నమోదయ్యే ప్రమాదం దుబాసీ లేనిచోట ఎప్పుడూ ఉంటుంది. అలా నమోదైతే పొడిగింపుకు అది ఆధారమవుతుంది.

6. తలుపు తెరిచాక

కోలుకున్న మనిషిని తీసుకువెళ్లడానికి ఎవరూ రాకపోతే ఏమవుతుంది? పాత చట్టం సమాధానం తెలిసిందే. 2017 చట్టం 19వ సెక్షన్ సమాజంలో జీవించే హక్కును గుర్తిస్తూ, కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోలేదనో, ఇల్లు లేదనో, సమాజంలో తగిన సదుపాయం లేదనో ఒక మనిషిని వైద్యశాలలో కొనసాగించరాదని శాసించింది. 90వ సెక్షన్ దీన్ని మరింత సూటిగా చెబుతుంది: రోగి నివసించే ప్రాంతంలో సామాజిక మానసిక ఆరోగ్య సేవలు లేవన్న కారణం మీద మాత్రమే పొడిగింపు గాని పునఃప్రవేశం గాని అనుమతించరాదు. హాఫ్‌వే హోమ్‌లు, సామూహిక గృహాలు ఏర్పాటు చేయడం, లేదా వాటికి తోడ్పడడం ప్రభుత్వాల విధి. గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో సుప్రీంకోర్టు 2017 నుంచి వెంటపడుతున్నది ఈ విధి గురించే. నయమైనవారిని వృద్ధాశ్రమాలకు, బిచ్చగాళ్ల గృహాలకు తరలించి లెక్క సరిచేసుకునే పద్ధతిని 2021 జూలైలో మహారాష్ట్ర విషయంలో అదే కోర్టు తప్పుపట్టింది.

ఈ రెండు జిల్లాల్లో ‘తీసుకువెళ్లేవారు రాలేదు’ అన్న మాటకు నిరాకరణ ఒక్కటే అర్థం కాదు. ఇక్కడి కుటుంబాలు ఒకచోట ఉండవు. తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు వెళతారు. భవననిర్మాణ కూలీలు హైదరాబాద్, చెన్నైలలో ఉంటారు. ప్రతినిధిగా సంతకం చేసిన అన్న పండుగకు గాని ఊరికి రాడు. ఆ అన్న వచ్చేదాకా చెల్లెల్ని ఉంచడం వైద్యశాలకు దయగానే తోచవచ్చు. చట్టం దృష్టిలో మాత్రం అది కారణం లేని నిర్బంధమే. ప్రతినిధి అందుబాటులో లేకపోతే ఎవరు ఆ స్థానంలోకి వస్తారో 14వ సెక్షన్ వరుసగా చెప్పింది: బంధువు, చూసుకునే వ్యక్తి, బోర్డు నియమించే తగిన వ్యక్తి, చివరకు రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరు లేదా ఆయన నియోగించిన అధికారి. ఎవరూ లేని మనిషి అంటూ చట్టంలో ఉండడు.

హౌరా–చెన్నై రైలుమార్గం పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం స్టేషన్ల గుండా సాగుతుంది. ఎక్కడో ఎక్కి ఇక్కడ దిగిపోయిన, ఊరు చెప్పలేని మనుషుల విడుదల మరింత క్లిష్టం. 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు అటువంటివారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో సమీప ప్రభుత్వ వైద్యసంస్థకు చేర్చాలి, లాకప్‌లో ఉంచరాదు. అంతటితో పని పూర్తికాదు. తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి, కుటుంబాన్ని వెతికి సమాచారమివ్వడం స్టేషన్ హౌస్ ఆఫీసరు విధి. మేజిస్ట్రేటు ఆదేశంతో చేరిస్తే 102వ సెక్షన్ కింద ఆ ఆదేశం పది రోజులకు మించదు. చేర్చిన రోజునే ఎఫ్.ఐ.ఆర్. నమోదైతే, మనిషి కోలుకునే నాటికి ఇంటి చిరునామా దొరికే అవకాశముంటుంది. నమోదు కాకపోతే విడుదల నాడు అతని చేతిలో మందుల చీటీ ఉంటుంది, చిరునామా ఉండదు.

98వ సెక్షన్ చెప్పే విడుదల ప్రణాళికకు ఇక్కడే అసలు పని. మానసిక వైద్యుడు రోగితో, ప్రతినిధితో, విడుదల తరువాత రోగి ఎవరితో ఉంటాడో ఆ కుటుంబసభ్యునితో, ఇకపై చికిత్స బాధ్యత తీసుకునే వైద్యునితో సంప్రదించి, ఏ చికిత్స, ఏ సేవలు కొనసాగాలో నిర్ణయించాలి. సంప్రదించాలంటే ఫోను చాలు. వెరావల్ పడవరేవులోనైనా అది మోగుతుంది. ఆ ప్రణాళికలో సోంపేట స్త్రీకి సంబంధించి రాసి ఉండవలసిన సంగతులు కొన్నే: ఏ మాత్ర, పూటకెన్ని, అవి సోంపేటలోనే దొరుకుతాయా, టెక్కలికి పోవాలా, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద మానసిక వైద్యుడు ఏ తేదీన, ఏ ఆసుపత్రిలో ఉంటాడు, నిద్ర తగ్గినా, మాట తడబడినా మొదట చెప్పవలసిన ఆశా కార్యకర్త ఎవరు, అన్న లేని నెలల్లో ఆమె ఎవరింట్లో ఉంటుంది. సేవలు నివాసానికి దగ్గరలోనే ఉండాలని, దూరప్రయాణం చేయించరాదని 18వ సెక్షన్ అంటుంది. మాత్రల కోసం ఇచ్ఛాపురం నుంచి విశాఖకు నెలనెలా ప్రయాణించవలసివస్తే, మూడో నెలలో మాత్రలు ఆగుతాయి, ఆరో నెలలో మనిషి మళ్లీ అదే తలుపు దగ్గరకు వస్తుంది. విడుదలైన ఏడు రోజుల్లోపే తిరిగి చేర్చవలసివస్తే, అది 89వ సెక్షన్ కింద కాక నేరుగా 90వ సెక్షన్ కింద, బోర్డు పరిశీలన ముందు జరగాలని చట్టం పెట్టిన నిబంధన అందుకే. బోర్డు అడిగే మొదటి కాగితం ఆ విడుదల ప్రణాళికే కావాలి.